టెరడైన్ కథ, ఓర్వకల్లు ఫ్యాక్టరీ, మీ ల్యాబులో కట్టుకోగల డయోడ్ టెస్టర్

కర్నూలులో ఈసీఈ మూడో ఏడు చదువుతున్న విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది: "ఓర్వకల్లులో చిప్‌ల ఫ్యాక్టరీ వస్తుందంటున్నారు. చిప్ టెస్టింగ్‌లో ఉద్యోగం అంటే టెరడైన్ మిషన్ల మీద పని అని సీనియర్లు చెప్పారు. ఆ కంపెనీ చరిత్ర తెలుసుకుంటే పనికొస్తుందా? మా కాలేజీలో అలాంటి మిషన్ లేదు. ఉన్న సామానుతో ఏం నేర్చుకోవచ్చు?"

పనికొస్తుంది. టెరడైన్ అంటే చిప్‌లను పరీక్షించే మిషన్లు తయారు చేసే అమెరికా కంపెనీ. అది తీసుకొచ్చిన ముఖ్యమైన మిషన్లన్నీ ఒకే లెక్క చుట్టూ తిరుగుతాయి: ఒక చిప్ మంచిదో కాదో తేల్చడానికి ఎన్ని సెకన్లు పడుతుంది, ఆ సెకన్ల ఖరీదు ఎంత? ఆ లెక్క అర్థమైతే రేపు మీ ముందు ఏ కంపెనీ మిషన్ పెట్టినా దానిలోని భాగాలు ఎందుకున్నాయో మీకే తెలుస్తుంది. ఏ సంవత్సరంలో ఏం జరిగిందో బట్టీ పట్టడం కంటే ప్రతి మెట్టు దగ్గరా ఏ ఇబ్బంది ఆ మిషన్‌ను పుట్టించిందో చూడండి.

1950ల చివర్లో డయోడ్లు, ట్రాన్సిస్టర్లు లక్షల్లో తయారవుతున్నాయి, కానీ వాటిని పరీక్షించేది మాత్రం ప్రయోగశాల మీటర్లతోనే. ఆపరేటర్ డయోడ్‌ను క్లిప్పులో పెట్టాలి, ముల్లు నిలబడేదాకా ఆగాలి, అంకె చదవాలి, కాగితం మీదున్న హద్దుతో పోల్చాలి, ఆపైన సరైన డబ్బాలో వేయాలి. రెండు గంటలయ్యేసరికి కళ్లు అలసిపోతాయి. ముల్లు హద్దు దగ్గర ఊగుతుంటే ఇద్దరు ఆపరేటర్లు రెండు రకాలుగా చెబుతారు. ఈ బాధ బాగా తెలిసినవాడు నిక్ డివోల్ఫ్. ట్రాన్సిట్రాన్ అనే సెమీకండక్టర్ కంపెనీలో ఆయన చీఫ్ ఇంజనీరు. ఆయన ఎంఐటీ సహాధ్యాయి అలెక్స్ డార్బెలాఫ్. ఇద్దరి ఇంటిపేర్లూ 'డి'తోనే మొదలవుతాయి కాబట్టి కాలేజీలో అక్షర క్రమంలో నిలబెట్టినప్పుడు పక్కపక్కన నిలబడ్డారని, పరిచయం అక్కడ మొదలైందని చెబుతారు. ఇద్దరూ 1960లో బోస్టన్ నగరం నడిబొడ్డున జో అండ్ నీమో అనే హాట్‌డాగ్ దుకాణం పైన గది తీసుకుని టెరడైన్ పెట్టారు. 'టెరా' అంటే పదికి పన్నెండో ఘాతం, అంటే లక్ష కోట్లు. 'డైన్' అంటే బలానికి కొలమానం. కొండంత బండరాయిని ఎగువకు దొర్లించే పని తమదని ఆ పేరుకు వాళ్లు చెప్పుకున్న అర్థం.

మొదటి మిషన్ పేరు డీ133, డయోడ్ టెస్టర్. 1961లో దాన్ని రేథియాన్ అనే అమెరికా ఎలక్ట్రానిక్స్ కంపెనీ కొన్నది. దాని విశేషమంతా ఒక్కటే, అది అంకె చూపించదు. లోపలున్న లాజిక్ సర్క్యూటే హద్దుతో పోల్చి "పనికొస్తుంది" లేదా "పనికిరాదు" అని తేల్చేస్తుంది. ఇప్పుడు చూస్తే చాలా చిన్న మార్పు. కానీ కొలిచే పరికరానికీ ఉత్పత్తి లైనులో తీర్పు చెప్పే పరికరానికీ తేడా అక్కడే పుట్టింది. కొలిచే పరికరానికి కచ్చితత్వం ముఖ్యం. తీర్పు చెప్పేదానికి కచ్చితత్వంతో పాటు మూడు గుణాలు కావాలి: వేగం, రోజంతా ఒకే మాట మీద నిలబడటం, ఎన్నేళ్లయినా చెడిపోకుండా ఫ్యాక్టరీ దుమ్ములో, వేడిలో పనిచేయడం. డివోల్ఫ్ పట్టుబట్టింది ఈ మూడో దాని మీద. టెస్టర్ చెడిపోతే లైను మొత్తం ఆగుతుంది. టెస్టర్ తప్పు చెబితే అంతకంటే ఘోరం, మంచి సరుకు చెత్తబుట్టలోకీ చెడ్డ సరుకు కొన్నవాడి చేతికీ పోతుంది.

ఆదోని మార్కెట్ యార్డులో వేరుశనగ కొనేవాళ్లు కుప్పలోంచి గుప్పెడు కాయలు తీసి, ఒలిచి, గింజ చూసి కుప్ప మొత్తానికి ధర కడతారు. కాయలకు అది చాలు. చిప్‌లకు చాలదు. అదే సిలికాన్ పళ్లెం మీద, అంటే వేఫర్ మీద, పక్కపక్కనే పుట్టిన రెండు చిప్‌లలో ఒకదాని మీద ధూళి కణం పడి ఉండొచ్చు, రెండోది శుభ్రంగా ఉండొచ్చు. అందుకే ప్రతి ఒక్కటీ పరీక్షించాలి, అదీ దాన్ని పాడు చేయకుండా. అలా కోట్లలో పరీక్షించాల్సి వచ్చినప్పుడు ఒక్కోదానికి పట్టే కాలమే ఖర్చవుతుంది.

తర్వాతి పెద్ద మెట్టు 1966లో వచ్చిన జే259. అప్పటికి ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లు వచ్చేశాయి. డయోడ్‌కు రెండు కాళ్లు, రెండు మూడు పరీక్షలు. ఐసీకి 14 కాళ్లు, ఒక్కో రకానికి వేర్వేరు హద్దులు, పదుల పరీక్షలు. రకం మారినప్పుడల్లా స్విచ్‌లు, ప్లగ్‌బోర్డులు మార్చుకుంటూ కూర్చుంటే మిషన్ పనిచేసే సమయం కంటే సర్దుకునే సమయమే ఎక్కువ. జే259లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ అంతకు ముందు ఏడాదే తెచ్చిన పీడీపీ-8 మినీకంప్యూటర్ వాడారు. 12 బిట్ల యంత్రం, మామూలుగా 4,096 పదాల కోర్ మెమరీ. ఈ రోజు మీ దగ్గరున్న ఆర్డునో స్థాయి కూడా కాదు. కానీ ఐసీ టెస్టింగ్‌ను కంప్యూటర్ చేతికి అప్పగించిన మొదటి మిషన్‌గా దీనికే పేరు.

కంప్యూటర్ వల్ల వేగం పెరిగిందనే చాలామంది అనుకుంటారు. అసలు లాభం వేరు. హద్దులు, పరీక్షల వరస, ఏ పరీక్షలో ఎంత వచ్చిందన్న లెక్క అన్నీ ప్రోగ్రాములోకి వచ్చాయి. రకం మారితే ప్రోగ్రాము మార్చితే సరి. పైగా ఫలితాలు కూడబెట్టుకోవచ్చు కాబట్టి "ఈ వారం పదకొండో పరీక్షలో పోయేవి పెరుగుతున్నాయి, డిఫ్యూజన్ ఫర్నేస్ (వేఫర్‌లోకి మలినాలు ఎక్కించే కొలిమి) చూడండి" అని ఫ్యాక్టరీకి తిరిగి చెప్పే వీలు కలిగింది. టెస్టర్ అంటే గేటు దగ్గర కాపలాదారు మాత్రమే అనే ఆలోచన పోయి, తయారీకి కన్నులాంటిది అన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. నా లెక్కలో టెరడైన్ చేసిన పనులన్నిట్లో గొప్పది ఇదే.

ఇక్కడ కాస్త ఆగి, టెస్టర్ కడుపులో ఏముంటుందో చూద్దాం, లేకపోతే తర్వాతి కథ వట్టి పేర్ల జాబితా అయిపోతుంది. చిప్ ప్రతి కాలికీ ఎదురుగా టెస్టర్‌లో ఒక చానల్ ఉంటుంది. అందులో ఒక డ్రైవర్ ఉంటుంది, అది సున్నా లేదా ఒకటిని చిప్‌కు పంపుతుంది. రెండు కంపారేటర్లు ఉంటాయి, చిప్ ఇచ్చిన వోల్టేజీ పై హద్దు దాటిందా, కింది హద్దుకు దిగిందా అని చూస్తాయి. చిప్ మీద భారం వేసే యాక్టివ్ లోడ్ ఉంటుంది. వీటితో పాటు నిర్ణీత కరెంటు పంపి వోల్టేజీ కొలిచే, నిర్ణీత వోల్టేజీ పెట్టి కరెంటు కొలిచే పీఎంయూ ఉంటుంది. వెనక ఏ క్షణాన ఏ కాలికి ఏం పంపాలో రాసిపెట్టిన ప్యాటర్న్ మెమరీ, క్షణాలను నానోసెకన్ల లోపు తేడాతో నడిపే టైమింగ్ జనరేటర్, చిప్‌కు కరెంటిచ్చే సప్లైలు. టెస్టర్‌కూ చిప్‌కూ మధ్య లోడ్ బోర్డు, దాని మీద సాకెట్. వేఫర్ దశలో అయితే సాకెట్ బదులు సూదులున్న ప్రోబ్ కార్డు. చిప్‌ను ఎత్తి సాకెట్లో పెట్టి, ఫలితాన్ని బట్టి వేర్వేరు గొట్టాల్లోకి తోసేది హ్యాండ్లర్. వేఫర్‌ను కదిలించేది ప్రోబర్. టెస్టర్ తయారు చేసేది ఒక కంపెనీ, హ్యాండ్లర్ తయారు చేసేది చాలాసార్లు మరొకటి.

దాదాపు ఏ ప్రోగ్రాములోనైనా మొదటి పరీక్ష కంటిన్యుటీ, అంటే చిప్ కాలికి టెస్టర్ నిజంగా తగులుతోందా అని చూడటం. చిప్ ప్రతి సిగ్నల్ కాలి దగ్గరా స్టాటిక్ నుంచి కాపాడటానికి రెండు డయోడ్లు ఉంటాయి, ఒకటి గ్రౌండ్ వైపు, ఒకటి సప్లై వైపు. అన్ని సప్లై కాళ్లనూ సున్నా వోల్టుల దగ్గర పెట్టి, ఒక కాలి నుంచి 100 మైక్రోఆంపియర్లు బయటికి లాగుతారు. గ్రౌండ్ డయోడ్ తెరుచుకుని ఆ కాలి దగ్గర మైనస్ 0.6 వోల్టుల చుట్టుపక్కల కనిపించాలి. సున్నాకు దగ్గరగా వస్తే ఎక్కడో షార్టు. టెస్టర్ ఇంతకు మించొద్దని హద్దు (క్లాంప్) పెట్టిన వోల్టేజీ దాకా, అంటే మైనస్ 2 వోల్టులో అంతకు మించో పోతే కాలు తగల్లేదు. కొత్తవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. వరసగా పది చిప్‌లు ఒకే కాలి దగ్గర 'ఓపెన్' చూపిస్తే అది చిప్‌ల తప్పు కాదు, సాకెట్ తప్పు. చిప్ కాళ్ల మీది తగరం సాకెట్ ముళ్లకు అంటుకుని ఆక్సైడ్ పొరగా మారుతుంది, మిల్లీఓంలలో ఉండాల్సిన స్పర్శ నిరోధం ఓంలకు పెరుగుతుంది. వేర్వేరు కాళ్ల దగ్గర అక్కడొకటి ఇక్కడొకటి పోతుంటే అప్పుడు ప్యాకేజీలోని తీగల అతుకులను అనుమానించాలి. ఈ విడమరుపు తెలియక మంచి సరుకును ట్రేల కొద్దీ పారేసిన లైన్లు ఉన్నాయి.

మళ్లీ చరిత్రలోకి. టెరడైన్ 1970లో షేర్లు జనానికి అమ్మింది. 1971లో డివోల్ఫ్ కంపెనీ వదిలేశాడు, డార్బెలాఫ్ 1997 వరకు పగ్గాలు పట్టుకున్నాడు. ఈలోగా పోటీ వచ్చింది. ఫెయిర్‌చైల్డ్ తన సెంట్రీ వరస మిషన్లతో డిజిటల్ టెస్టింగ్‌లో బలంగా పాతుకుపోయింది. జపాన్‌లో 1954లో తకేదా రికెన్ పేరుతో, కొలిచే పరికరాలతో మొదలైన కంపెనీ 1970ల్లో ఎల్ఎస్ఐ (వేల ట్రాన్సిస్టర్లున్న పెద్ద చిప్‌లు), మెమరీ టెస్టర్లలోకి దిగి, 1985లో అడ్వాన్‌టెస్ట్ అని పేరు మార్చుకుంది. నేటికీ ఈ రంగంలో మొదటి రెండు పేర్లు అడ్వాన్‌టెస్ట్, టెరడైన్. జపాన్‌లో మెమరీ చిప్‌ల తయారీ పొంగినప్పుడు తకేదా రికెన్‌కు పక్కనే కొనుగోలుదారులు దొరికారు. టెస్టర్ల వ్యాపారంలో మొదటి కొనుగోలుదారు ఎవరు, ఎంత దూరంలో ఉన్నాడు అన్నది చాలా పెద్ద విషయం. మిషన్ చెడినప్పుడు ఇంజనీరు అదే రోజు వచ్చి నిలబడాలి కదా.

టెరడైన్ అప్పుడు తన బలాన్ని అనలాగ్ వైపు, అనలాగ్, డిజిటల్ కలిసిన చిప్‌ల వైపు మళ్లించింది. 1980ల్లో వచ్చిన ఏ500 వరస అందుకు గుర్తు. ఆడియో చిప్‌లో వక్రీకరణ ఎంతుందో పాత పద్ధతిలో చూడాలంటే ఫిల్టర్లు, మీటర్లు, అవి నిలకడకు వచ్చేదాకా వేచి ఉండటం. కొత్త పద్ధతిలో సైన్ వేవ్ పంపి, వచ్చినదాన్ని శాంపిళ్లుగా పట్టి, ఎఫ్ఎఫ్‌టీ (సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టే లెక్క) చేస్తే ఒక్క పట్టులో సిగ్నల్, హార్మోనిక్స్, నాయిస్ మూడూ బయటపడతాయి. మీ డీఎస్పీ సబ్జెక్టు ఫ్యాక్టరీలో తిండి పెట్టేది ఇక్కడ. ఒక్క మెలకువ గుర్తుపెట్టుకోండి: పట్టే శాంపిళ్లలో సైన్ వేవ్ పూర్తి ఆవృత్తుల సంఖ్య పట్టేలా చూడాలి, ఆ సంఖ్యకూ శాంపిళ్ల సంఖ్యకూ ఒకటి తప్ప మరో సామాన్య భాజకం ఉండకూడదు. 1,024 శాంపిళ్లకు 31 ఆవృత్తులు బాగుంటాయి. 32 పెడితే అవే 32 బిందువులు మళ్లీ మళ్లీ పట్టి కొత్త సమాచారం ఏమీ రాదు. 31.5 పెడితే శక్తి పక్క ఫ్రీక్వెన్సీ గడుల్లోకి (బిన్‌లలోకి) కారి మంచి చిప్ కూడా ఫెయిల్ అవుతుంది.

కొనుగోళ్ల భాగం త్వరగా చెబుతాను. 1987లో బోర్డు టెస్టర్ల కంపెనీ జెంటెల్, 1995లో మెగాటెస్ట్, 2001లో జెన్‌ర్యాడ్, 2008లో ఈగిల్ టెస్ట్, నెక్స్‌టెస్ట్, 2011లో వైర్‌లెస్ పరికరాలను పరీక్షించే లైట్‌పాయింట్. 2005లో కనెక్టర్ల వ్యాపారాన్ని ఆంఫినాల్‌కు అమ్మేసింది. ఎందుకిన్ని? ఈ వ్యాపారం మన సీమలో వానల్లాంటిది. చిప్ ఫ్యాక్టరీలు విస్తరిస్తున్న ఏడాది ఆర్డర్లు వెల్లువెత్తుతాయి, ఆపేసిన ఏడాది కాలువ ఎండిపోతుంది. 2000లో టెరడైన్ అమ్మకాలు దాదాపు 300 కోట్ల డాలర్లు, 2001లో అందులో సగం కూడా లేవు. అందుకే వేర్వేరు కాలాల్లో పండే పంటల్లా వేర్వేరు రకాల చిప్‌లకు మిషన్లు పెట్టుకున్నారు: ఫ్లాష్ మెమరీకి నెక్స్‌టెస్ట్, పవర్, అనలాగ్ చిప్‌లకు ఈగిల్. 2015లో 28.5 కోట్ల డాలర్లకు డెన్మార్క్ రోబో చేతుల కంపెనీ యూనివర్సల్ రోబోట్స్‌ను కొన్నదీ ఈ ఆలోచనతోనే.

వీటికంటే మీకు ముఖ్యమైనది 1990ల చివర్లో వచ్చిన జే750. అప్పటికి పెద్ద టెస్టర్ అంటే నీళ్లతో చల్లబరిచే బీరువాలు, నేల నిండా కేబుళ్లు. మైక్రోకంట్రోలర్‌లాంటి చవక చిప్‌లకు అంత మిషన్ పెడితే గిట్టదు. జే750లో ఒక్కో బోర్డు మీద 64 చానళ్లు కుదించి, మిషన్ మొత్తాన్ని టెస్ట్ హెడ్‌లోకే, అంటే చిప్‌కు ఆనుకునే భాగంలోకే, ఎక్కించి, గాలితో చల్లబరిచారు. దానికి ఐజీ-ఎక్సెల్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు: పిన్నులు, లెవెళ్లు, టైమింగ్, పరీక్షల వరస అన్నీ ఎక్సెల్ షీట్లలోనే నింపాలి, కోడు విజువల్ బేసిక్‌లో రాయాలి. కొత్త ఇంజనీరు నెలల్లో కాక వారాల్లో పనిలోకి దిగగలిగాడు. ఇదీ సెకన్ల లెక్కే, కాకపోతే ఇక్కడ మిగిలింది ఇంజనీరు సెకన్లు. తర్వాత వచ్చిన ఫ్లెక్స్, అల్ట్రాఫ్లెక్స్ మిషన్లకూ అదే సాఫ్ట్‌వేర్ కొనసాగింది.

సెకన్ల లెక్క ఒకసారి చేసి చూద్దాం. సులువు కోసం మిషన్, హ్యాండ్లర్, మనుషులు, కరెంటు అన్నీ కలిపి గంటకు 3,600 రూపాయలు అనుకోండి, అంటే సెకనుకు రూపాయి. చిప్‌కు 2 సెకన్లు పడితే పరీక్ష ఖర్చు 2 రూపాయలు. ఆ చిప్ అమ్మేది 10 రూపాయలకైతే ఐదో వంతు పరీక్షకే పోయింది. ఇప్పుడు నాలుగు సాకెట్లు పెట్టి నాలుగు చిప్‌లు ఒకేసారి పరీక్షించండి. అన్నీ నిజంగా సమాంతరంగా జరిగితే ఇప్పుడూ 2 సెకన్లే. కానీ కొన్ని పరికరాలు పంచుకోవాలి కాబట్టి 2.6 సెకన్లు పట్టిందనుకుందాం. చిప్‌కు 0.65 సెకన్లు, 65 పైసలు. ఒక్క చిప్‌కు పట్టే కాలం కంటే అదనంగా పట్టినదాన్ని చూస్తే, మూడు అదనపు చిప్‌లకు విడిగా 6 సెకన్లు పట్టేది, ఇప్పుడు 0.6 పట్టింది. అంటే పది శాతం నష్టం, మల్టీసైట్ (ఒకేసారి పలు చిప్‌ల పరీక్ష) సామర్థ్యం 90 శాతం. ఇంటర్వ్యూలో ఈ లెక్క అడుగుతారు. 60 శాతం వస్తే ఎక్కడో చిప్‌లు ఒకదాని వెనక ఒకటి వరసలో నిలబడుతున్నాయని అర్థం, ఎక్కువగా అది పంచుకున్న మీటరు దగ్గరో రిలేలు నిలకడపడే చోటో ఉంటుంది.

ఇక ఓర్వకల్లు. ఇండిచిప్ సెమీకండక్టర్స్ జపాన్ భాగస్వామితో కలిసి అక్కడి పారిశ్రామిక కేంద్రంలో సిలికాన్ కార్బైడ్ చిప్‌ల ఫ్యాక్టరీ పెట్టడానికి రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. ఒప్పందం వేరు, మిషన్లు బిగించి వేఫర్లు బయటికి రావడం వేరు. కాబట్టి చదువును దాని తేదీలకు కట్టేసుకోకండి. కర్నూలుకు ఒక పక్క హైదరాబాదు, ఇంకో పక్క బెంగళూరు, రెండూ 44వ జాతీయ రహదారి మీదే ఉన్నాయి. టెస్ట్ ఇంజనీర్ల ఉద్యోగాలు బెంగళూరులో ఇప్పటికే ఉన్నాయి. కానీ సిలికాన్ కార్బైడ్ అన్న మాట మీద మాత్రం దృష్టి పెట్టండి. అవి మామూలు లాజిక్ చిప్‌లు కావు, కరెంటు కార్లు, సోలార్ ఇన్వర్టర్లలో వాడే పవర్ డయోడ్లు, మాస్‌ఫెట్లు (గేటు అనే కాలితో కరెంటును ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు). టెరడైన్ కూడా 2019లో జెనీవాకు చెందిన లెమ్‌సిస్ అనే పవర్ సెమీకండక్టర్ టెస్టర్ల కంపెనీని కొన్నది ఇందుకే.

వీటి పరీక్షలో ఇబ్బందులు వేరుగా ఉంటాయి. 1,200 వోల్టుల పరికరాన్ని వేఫర్ మీదే పరీక్షించాలంటే గాలే శత్రువు. మామూలు గాలి మిల్లీమీటరుకు దాదాపు 3,000 వోల్టుల దగ్గర తెగుతుంది. చిప్ అంచు దగ్గర దూరం మిల్లీమీటరులో చిన్న భాగమే కాబట్టి నిప్పురవ్వ ఎగిరి మంచి చిప్‌నూ సూదులనూ కాల్చేస్తుంది. అందుకే ప్రోబ్ కార్డులోనే గాలి పీడనం పెంచుతారు. పీడనం పెరిగితే గాలి తెగే వోల్టేజీ పెరుగుతుంది. ఆన్ నిరోధం 20 మిల్లీఓంలున్న మాస్‌ఫెట్‌లో 50 ఆంపియర్లు పంపితే 1 వోల్టు కనిపించాలి. స్పర్శలో ఒక్క మిల్లీఓం కలిసినా 5 శాతం తప్పు, కాబట్టి కరెంటు పంపే సూదులు, వోల్టేజీ చూసే సూదులు వేరుగా ఉండాలి. పల్స్ 300 మైక్రోసెకన్లకు మించితే చిప్ తనంతట తాను వేడెక్కి నిరోధం మారిపోతుంది. సిలికాన్ కార్బైడ్ మాస్‌ఫెట్ల థ్రెషోల్డ్ వోల్టేజీకి, అంటే అవి ఆన్ కావడం మొదలయ్యే గేటు వోల్టేజీకి, మరో చిక్కు ఉంది. గేటు కింది ఆక్సైడ్ సరిహద్దులో ఛార్జి చిక్కుకుంటుంది, అంతకు ముందు గేటుకు ఏ వోల్టేజీ ఇచ్చారన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. అందుకే కొలిచే ముందు గేటుకు నిర్ణీత పల్స్ ఇచ్చి అన్ని చిప్‌లనూ ఒకే స్థితికి తెస్తారు. ఆ పల్స్ మరిచిపోయి, మొన్నటి అంకెకూ ఇవాళ్టి అంకెకూ పొంతన కుదరక తలపట్టుకునేవాళ్లు ఉంటారు. స్విచింగ్ పరీక్షలో వైర్ల ఇండక్టెన్సే గండం: దారిలో 20 నానోహెన్రీలు ఉండి, కరెంటు నానోసెకనుకు 5 ఆంపియర్ల చొప్పున మారితే 100 వోల్టులు అదనంగా ఎగుస్తాయి.

మీ ల్యాబులో ఇవన్నీ లేవు, నిజమే. కానీ 1961 నాటి డీ133 చేసిన పని మీరు 500 రూపాయల లోపు సామానుతో చేయొచ్చు. బెంచ్ సప్లై, మల్టీమీటరు ఎలాగూ ల్యాబులో ఉంటాయి. కావాల్సినవి: 1ఎన్4148 డయోడ్లు వంద, ఎల్ఎం393 (రెండు కంపారేటర్లున్న ఐసీ) ఒకటి, టీఎల్431 (స్థిరమైన రెఫరెన్స్ వోల్టేజీ ఇచ్చే ఐసీ) ఒకటి, ఎల్ఈడీ ఒకటి, 1 శాతం రెసిస్టర్లు కొన్ని.

సప్లైని 10.7 వోల్టులకు పెట్టండి. 1 కిలోఓం రెసిస్టర్ గుండా డయోడ్‌కు కరెంటు పంపండి. డయోడ్ మీద 0.7 వోల్టుల చుట్టుపక్కల పడుతుంది కాబట్టి 10 మిల్లీఆంపియర్లు పారుతుంది. 1ఎన్4148కు ఆ కరెంటు దగ్గర డేటాషీట్ గరిష్ఠ హద్దు 1 వోల్టు. టీఎల్431లో రెఫరెన్స్ కాలిని క్యాథోడ్‌కు కలిపి, సప్లై నుంచి 2.2 కిలోఓంల గుండా కరెంటిస్తే 2.5 వోల్టులు వస్తుంది. ఆ 2.5 వోల్టుల నుంచి గ్రౌండ్‌కు 15 కిలోఓంలు, 5 కిలోఓంలు, 5 కిలోఓంలు వరసగా పెట్టండి. 5 కిలోఓంలది దొరక్కపోతే 10 కిలోఓంలవి రెండు సమాంతరంగా కలపండి. పై ముడి దగ్గర 1.0 వోల్టు, కింది ముడి దగ్గర 0.5 వోల్టు దొరుకుతాయి. మొదటి కంపారేటర్ ప్లస్ కాలికి 1.0, మైనస్‌కు డయోడ్ వోల్టేజీ. రెండోదాని ప్లస్‌కు డయోడ్ వోల్టేజీ, మైనస్‌కు 0.5. రెండు అవుట్‌పుట్లనూ ఒకే ముడికి కలపండి, అవి ఓపెన్ కలెక్టర్ (కిందికి లాగడమే తప్ప పైకి నెట్టవు) కాబట్టి ఇబ్బంది లేదు. ఆ ముడికి సప్లై నుంచి 2.7 కిలోఓంలు, ముడి నుంచి గ్రౌండ్‌కు ఎల్ఈడీ. ఎల్ఎం393కు కూడా అదే 10.7 వోల్టుల సప్లై ఇవ్వండి.

ఎల్ఈడీ వెలిగితే డయోడ్ మంచిది. ఇది కావాలని చేసిన ఏర్పాటు. చెడ్డదైతే ఎర్ర దీపం వెలిగేలా కట్టారనుకోండి, వైరు ఊడినా దీపం మాడినా చెడ్డ డయోడ్ మంచిదాని డబ్బాలోకి పోతుంది. టెస్టర్ ఎప్పుడూ 'మంచిది' అనడానికే రుజువు చూపించాలి, ఏ లోపం వచ్చినా 'చెడ్డది' వైపే పడాలి.

వంద డయోడ్లు మొదలుపెట్టే ముందు తెలిసిన వాటితో సరిచూడండి. ఖాళీ సాకెట్, తిరగేసిన డయోడ్, వైరు ముక్క, 1ఎన్5819 షాట్కీ డయోడ్, ఒక ఎర్ర ఎల్ఈడీ పెట్టి చూడండి. ఐదింటికీ దీపం ఆరే ఉండాలి. షాట్కీ 0.5 కంటే కిందకి, ఎర్ర ఎల్ఈడీ 1 వోల్టు కంటే పైకి పోతాయి. ఫ్యాక్టరీలో ప్రతి షిఫ్టు మొదట్లో మంచిదని తెలిసిన చిప్, చెడ్డదని తెలిసిన చిప్ పెట్టి చూసేది ఇందుకే. తర్వాత ఒకే డయోడ్‌ను 50 సార్లు తీసి పెట్టి, ప్రతిసారీ మల్టీమీటరుతో వోల్టేజీ రాసుకోండి. ఆ అంకెల చెదురు మీ మిషన్ గుణం, డయోడ్‌ది కాదు. చెదురు 10 మిల్లీవోల్టులు ఉంటే పరీక్ష హద్దును 1.000 దగ్గర కాక 0.990 దగ్గర పెట్టాలి. దీన్నే గార్డ్ బ్యాండ్ అంటారు. డయోడ్‌ను వేళ్లతో పట్టుకుని పెడితే చేతి వేడికే డిగ్రీకి 2 మిల్లీవోల్టుల చొప్పున వోల్టేజీ పడిపోతుంది, అది కూడా ఈ చెదురులో కలుస్తుంది. ట్వీజర్ వాడండి.

కరెంటుకు రెండు వైర్లు, వోల్టేజీ చూడటానికి వేరే రెండు వాడే నాలుగు వైర్ల పద్ధతి ఎందుకో కళ్లారా చూడాలంటే 1ఎన్4007 తీసుకుని 1 ఆంపియర్ పంపండి. బ్రెడ్‌బోర్డు మీద వద్దు, గట్టి క్లిప్పులతో, రెండు మూడు సెకన్లు మాత్రమే. మీటరు క్లిప్పుల దగ్గర పెడితే ఒక అంకె, డయోడ్ కాళ్ల మొదట్లో పెడితే ఇంకో అంకె వస్తుంది. దారిలో 0.2 ఓంలుంటే తేడా 0.2 వోల్టులు. డేటాషీట్ హద్దు 1.1 వోల్టులు కాబట్టి 0.93 వోల్టుల మంచి డయోడ్ 1.13 చూపించి ఫెయిల్ అవుతుంది.

చివరిది లీకేజీ, అంటే తిరగేసిన డయోడ్ గుండా కారే కరెంటు. మీ ఊరి ఎండ దీన్లో స్పష్టంగా కనిపిస్తుంది. 1ఎన్4148ను తిరగేసి 20 వోల్టులు పెట్టి, వరసలో 1 మెగాఓం రెసిస్టర్ పెట్టి, దాని మీది వోల్టేజీ చూడండి. డేటాషీట్ గరిష్ఠం 25 డిగ్రీల దగ్గర 25 నానోఆంపియర్లు. 1 మెగాఓం మీద అది 25 మిల్లీవోల్టులు కావాలి, కానీ మీటరు 22.7 చూపిస్తుంది. మీటరు సొంత నిరోధం 10 మెగాఓంలు, అది మీ రెసిస్టర్‌కు సమాంతరంగా పడి 0.909 మెగాఓంలు అయింది. అంకెను 1.1తో గుణించుకోండి. ఈ కొలతలో మోసం చేసేవి మూడు. ఒకటి వెలుతురు: 1ఎన్4148 గాజు ప్యాకేజీ, లోపలి జంక్షన్ మీద ట్యూబ్‌లైట్ పడితే లీకేజీ పెరుగుతుంది. నల్లగుడ్డ కప్పి చూడండి, తీసి చూడండి. రెండోది చెమట, ఫ్లక్సు: బోర్డు మీద వేలిముద్ర పడ్డా నానోఆంపియర్లు దారి మళ్లుతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. మూడోది ఉష్ణోగ్రత: ప్రతి 10 డిగ్రీలకు లీకేజీ సుమారు రెట్టింపు. ఏసీ లేని ల్యాబులో మే మధ్యాహ్నం 45 డిగ్రీలుంటే 25 నానోఆంపియర్ల డయోడ్ దగ్గర దగ్గర 100 చూపిస్తుంది. అదే డయోడ్‌ను ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి, గది ఉష్ణోగ్రత పక్కనే రాసుకుంటూ వారం రోజులు కొలవండి.

ఆ అంకెలన్నీ కాగితం మీద వదిలేయకుండా, డయోడ్ నంబరు, పరీక్ష నంబరు, కింది హద్దు, పై హద్దు, ఫలితం, బిన్ నంబరు (డయోడ్ ఏ డబ్బాలోకి పోయిందో) అనే వరసలో ఫైలులో పెట్టండి. ఫ్యాక్టరీల్లో ఫలితాలు దాచే ఎస్‌టీడీఎఫ్ అనే ఫైలు పద్ధతిని టెరడైనే తయారు చేసింది, నాలుగో వెర్షన్ ఇప్పటికీ దాదాపు అన్ని కంపెనీల టెస్టర్లతోనూ నడుస్తోంది. అది బైనరీ ఫైలు, పైథాన్‌తో చదవడానికి ఉచిత లైబ్రరీలు ఉన్నాయి. మీ వంద డయోడ్ల లెక్కను హిస్టోగ్రాముగా గీసి, హద్దుకు ఎంత దూరంలో గుంపు కట్టాయో చూసి, ఆ బొమ్మతో సహా ఇక్కడే మళ్లీ అడగండి. అంకెలు చూసి మాట్లాడుకుందాం.